రాతిపనిలో రేఖాగణితం – మన పిల్లల చదువు
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



చదువు గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు మమ్ములను ఆదేశించారు. చదువు మంచిదని చెప్పడానికి మామిడి కోతల పని మానుకుని ఇంతమంది ఇక్కడ కూర్చోనక్కరలేదు. అది అందరికీ తెలిసిన సంగతే. అందుచేత ఒక వస్తువును పట్టుకుని మాట్లాడదామనుకున్నాము. ఆ వస్తువు రాయి. అంటే లెక్క ప్రకారం, గీత ప్రకారం చెక్కిన రాయి. నక్షత్రాలు, ఎనిమిది పలకల స్తంభాలు, జాలీలు, గుమ్మటాలు. ఈ పని వెనక ఏ విద్య వుందో, అది మన పిల్లల చేతికి మళ్ళీ ఎలా వస్తుందో చెప్పి సెలవు తీసుకుంటాము.

హైదరాబాదు వెళ్ళినవారందరూ 1591లో కట్టిన చార్మినార్‌ను చూసే వుంటారు. కాని గోల్కొండ కోట దగ్గర వున్న కుతుబ్ షాహీ సుల్తానుల సమాధులు, జనం సాత్ గుంబద్ అని పిలిచేవి, అంతమంది చూసి వుండరు. ఈసారి వెళ్ళినప్పుడు పిల్లల్ని తప్పక తీసుకువెళ్ళండి. 2013లో మొదలైన మరమ్మత్తుల తరువాత అవి చూడముచ్చటగా వున్నాయి. అక్కడ చాలా గుమ్మటాలు నలుచదరపు కట్టడాల మీద నిలిచాయి. 1550లో చనిపోయిన జంషీద్ కులీ సమాధి మాత్రం ఎనిమిది పలకలుగా వుంటుంది. లోపల గోరీల మీద నున్నగా సానపట్టిన నల్లరాయి, దాని మీద అందమైన అక్షరాలు చూడవచ్చు. గుమ్మటం మొదట్లో చుట్టూ తామర రేకులు విచ్చుకుని వుంటాయి. తామర ఈ నేల పువ్వు. గుమ్మటమేమో ఇరాను వైపు నుంచి వచ్చిన పద్ధతి. రెండూ ఒకచోట ఎట్లా అతికాయో అక్కడ నిలబడి చూస్తే తెలుస్తుంది.

ఇప్పుడు పిల్లలకు ఒక ప్రశ్న. గది నలుచదరంగా వుంది. గుమ్మటం గుండ్రంగా వుంది. నలుచదరం మీద గుండ్రటిది ఎలా కూర్చుంటుంది? నాలుగు మూలలా కింద ఆధారం లేకుండా వుంటుంది గదా! మేస్త్రీలు ఏం చేశారంటే, ఒక్కొక్క మూలకు అడ్డంగా ఒక కమాను వేశారు. దాంతో నాలుగు భుజాలు ఎనిమిది అయ్యాయి. అవసరమైతే ఎనిమిదిని పదహారు చేశారు. పదహారు భుజాలున్న ఆకారం వృత్తానికి చాలా దగ్గర. దాని మీద గుమ్మటం నిశ్చింతగా కూర్చుంటుంది. మేము తరగతిలో చెప్పే మురబ్బా ముసమ్మన్ కావడం, ముసమ్మన్ దాయిరా కావడం ఇదే. తెలుగు పుస్తకంలో చతురస్రం, అష్టభుజి, వృత్తం అంటారు. మేస్త్రీ భాషలో నాలుగు పలకలు, ఎనిమిది పలకలు, గుండ్రం. పేర్లు వేరయినా విద్య ఒక్కటే.

మరి ఎనిమిది భుజాలూ సమానంగా రావాలంటే ఎక్కడ గుర్తు పెట్టాలి? దీనికి పెద్ద పరికరాలేమీ వద్దు, ఒక తాడు చాలు. నలుచదరం గీయండి. మూలనుంచి మూలకు రెండు కర్ణాలు వేస్తే అవి మధ్యలో కలుస్తాయి. ఒక మూల దగ్గర తాడు కొస పట్టుకుని, రెండో కొసను ఆ నడిమి బిందువు దాకా లాగండి. అదే పొడవుతో, ఆ మూలకు రెండు పక్కలా వున్న భుజాల మీద రెండు గుర్తులు పెట్టండి. నాలుగు మూలల నుంచీ ఇట్లాగే చేస్తే ఎనిమిది గుర్తులు వస్తాయి. వరుసగా కలపండి. నాలుగు మూలలూ తెగిపోయి, కొలిచి చూసుకున్నా తేడా లేని ఎనిమిది పలకలు మిగులుతాయి. పది అడుగుల గదిలో చేస్తే ఒక్కొక్క భుజం 4.14 అడుగులు. మూల దగ్గర తీసేసేది ఒక్కొక్క పక్క 2.93 అడుగులు. ఈ రాత్రి ఇంటికి వెళ్ళి నేల మీద సుద్దముక్కతో వేసి చూడవచ్చు.

ఒకే కేంద్రం మీద రెండు సమాన చతురస్రాలు పెట్టి, ఒకదాన్ని 45 డిగ్రీలు తిప్పితే ఎనిమిది కోణాల నక్షత్రం వస్తుంది. అరబు దేశాల్లో అచ్చయిన ఖురాన్ ప్రతులు చూసినవారికి ఈ గుర్తు తెలిసే వుంటుంది. హిజ్బులో నాలుగో వంతు ఎక్కడ మొదలవుతుందో చూపడానికి ఈ నక్షత్రాన్నే వేస్తారు. అంటే పవిత్ర గ్రంథం తెరిచిన మన చిన్నపిల్ల కూడా ఈ ఆకారాన్ని రోజూ చూస్తూనే వుంది. చూడటం వేరు, గీయటం వేరు. గీయగలగడం, ఎందుకలా వచ్చిందో చెప్పగలగడం మరీ వేరు. మా ప్రసంగమంతా ఈ మూడింటి మధ్య వున్న దూరం గురించే.

ఇదంతా మన మతంవారి సొత్తని ఎవరూ అనుకోరాదు. 1163లో కట్టిన హనుమకొండ వేయిస్తంభాల గుడి, 1213 నాటి పాలంపేట రామప్ప గుడి కాకతీయుల కాలపు పనులు. రామప్ప గుడికి 2021లో యునెస్కో వారి ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. ఆ గుడి నిలబడింది నక్షత్రాకారపు అరుగు మీద. మన పాత గుళ్ళ స్తంభాలు చూడండి. చాలాచోట్ల కింద నాలుగు పలకలు, నడుమ ఎనిమిది పలకలు, పైన గుండ్రం. గోల్కొండ గుమ్మటం కింద జరిగిన లెక్కే అక్కడ స్తంభంలో నిలువునా కనపడుతుంది. వరంగల్లు కోట నడుమ నాలుగు దిక్కులా నిలిచిన తోరణాలకూ, చార్మినార్ దగ్గర నాలుగు దిక్కులా నిలిచిన కమానులకూ పోలిక చూపిన చరిత్రకారులు వున్నారు. గోల్కొండ గ్రానైటును లొంగదీసినది ఈ నేల మీద తరతరాలుగా ఉలి పట్టిన చేతులే గదా. రాయి చెక్కినవాడి పేరు ఏ గోడ మీదా రాసిలేదు, వాడి కొలత మాత్రం అక్కడే నిలిచి వుంది.

అంత దూరం ఎందుకు, మన వీధిలోనే చూద్దాము. సంక్రాంతి నెలలో పొరుగింటి అమ్మలు, వదినలు వాకిట్లో చుక్కల ముగ్గు వేస్తారు. ఎదురు చుక్కలని, సందు చుక్కలని రెండు పద్ధతులు. ఎదురు చుక్కల్లో చుక్క కింద చుక్క వుంటుంది. దానిలో నలుచదరాలు, ఎనిమిది కోణాల నక్షత్రాలు సులువుగా వస్తాయి. సందు చుక్కల్లో రెండు చుక్కల సందున కింది చుక్క పడుతుంది. దానిలో ఆరు రేకుల పువ్వులు, ఆరు కోణాల నక్షత్రాలు వస్తాయి. రాతి జాలీ చెక్కేవాడు మొదట పలక మీద గీసుకునేదీ ఈ రెండు వలలలో ఒకటే. పుస్తకంలో వీటికి పెద్దపెద్ద పేర్లున్నాయి. పొరుగింటి వదినకు ఆ పేర్లతో పని పడలేదు.

తోట వేసే రైతుకూ ఇది తెలుసు. పది మీటర్ల ఎడంతో నలుచదరంగా మామిడి మొక్కలు పెడితే ఎకరానికి 40 పడతాయి. అదే ఎడంతో సందు చుక్కల పద్ధతిలో, అంటే త్రికోణంగా పెడితే 46 పడతాయి. చెట్టుకూ చెట్టుకూ దూరం తగ్గలేదు, నేల పెరగలేదు. వరుసలు దగ్గరికి జరిగాయి, అంతే. ముసునూరులో రసాల తోట చూసిన పిల్లవాడికి రేఖాగణితం పరాయి విద్య ఎలా అవుతుంది చెప్పండి?

ఇంతసేపూ చేతి విద్య గురించి చెప్పాము. ఇప్పుడు పుస్తకం గురించి చెప్పాలి. క్రీ.శ. 940లో ఖురాసాను ప్రాంతంలోని బూజ్‌జానులో అబుల్ వఫా అనే గణితవేత్త పుట్టారు. బాగ్దాదులో పనిచేసి 998లో కన్నుమూశారు. చేతిపనివాళ్ళకు రేఖాగణితంలో ఏవేవి అవసరమో అవి చెబుతూ ఆయన ఒక పుస్తకం రాశారు. పనివాళ్ళూ గణితవేత్తలూ కలిసి కూర్చుని చర్చించుకున్న సమావేశాల గురించి అందులో వుంది. పండితుడు, మేస్త్రీ ఒకే చాప మీద కూర్చున్నారని గమనించండి.

ఆ చర్చలో వచ్చిన సమస్య ఇది. మూడు సమానమైన చదరపు పలకలున్నాయి. వాటిని కోసి, ఏ ముక్కా వృథా పోకుండా ఒకే పెద్ద చదరం చేయాలి. పనివాళ్ళు తమకు తెలిసిన పద్ధతులు చూపించారు. కొన్ని కంటికి సరిగ్గానే వున్నాయి గాని లెక్కకు నిలవలేదు. గణితవేత్తలకు పెద్ద చదరం భుజం ఎంత వుండాలో తెలుసు, రాతిని ఎక్కడ కోయాలో చెప్పలేకపోయారు. అబుల్ వఫా రెండూ కలిసిన దారి చూపారు. ఇంటి దగ్గర కాగితాలతో చేసి చూడండి. ఒక చదరాన్ని అలాగే వుంచండి. మిగతా రెండింటిని మూలనుంచి మూలకు కోయండి. నాలుగు త్రికోణాలు వస్తాయి. వుంచిన చదరం ఒక్కొక్క భుజానికి ఒక్కొక్క త్రికోణాన్ని, దాని పొడుగు భుజం ఆనేట్టుగా, ఒక మూలనుంచి మొదలుపెట్టి పెట్టండి. రెండోవైపు కొంచెం బయటికి పొడుచుకుని వస్తుంది, రానివ్వండి. నాలుగింటినీ ఒకే దిశగా తిప్పుతూ పెట్టాలి. తరువాత నాలుగు త్రికోణాల లంబకోణపు మొనలను గీతలతో కలిపితే పెద్ద చదరం ఏర్పడుతుంది. గీతకు బయట మిగిలిన చిన్న ముక్కలు కోసి లోపలి ఖాళీల్లో పెడితే ఇమిడిపోతాయి. ఒక్క చిత్తుముక్క కూడా మిగలదు.

ఆ పెద్దమనిషి ఉద్దేశం ఏమిటంటే, పనివాడికి రుజువు మీద ఆసక్తి లేదు, పండితుడికి ఉలి కష్టం తెలియదు. ఇద్దరి దగ్గరా వున్నది సగం సగం విద్య. ఈ మాట చెప్పి వెయ్యేళ్ళు దాటింది. మన ఇళ్ళలో ఇవాళ కూడా అదే పరిస్థితి అని మేము మనవి చేస్తున్నాము.

రెండు సగాలూ కలిసినచోట ఏం జరుగుతుందో ఒక ఉదాహరణ చెబుతాము. నేలను ఖాళీ లేకుండా ఒకే రకం సమభుజ పలకలతో పరచాలంటే మూడే మూడు ఆకారాలు పనికివస్తాయి. త్రికోణం, చతురస్రం, షడ్భుజి. ఐదు భుజాల పలకకు కోణం 108 డిగ్రీలు. మూడు పెడితే 324 అయి 36 డిగ్రీల ఖాళీ మిగులుతుంది, నాలుగు పట్టవు. అయినా ఇరాను పనివాళ్ళు ఐదు కోణాల, పది కోణాల నక్షత్రాలను గోడనిండా పరిచారు. దీనికి గిరహ్ పని అని పేరు. గిరహ్ అంటే ముడి. మన దర్జీలు పూర్వం గజానికి పదహారు గిరహ్‌లని కొలిచేవారు, ఆ మాటే. ఇస్ఫహానులో 1453 నాటి దర్బె ఇమామ్ కట్టడం మీది పనిని పరిశీలించి, పీటర్ లూ, పాల్ స్టైన్‌హార్ట్ అనే శాస్త్రవేత్తలు 2007లో ఒక పరిశోధన ప్రకటించారు. ఐదు రకాల పలకలను జాగ్రత్తగా కూర్చడం వల్ల ఆ అల్లిక వచ్చిందనీ, పశ్చిమ దేశాల గణితవేత్తలు 1970ల్లో కనిపెట్టిన అల్లికకు అది ఎంతో దగ్గరగా వుందనీ వారు చూపించారు. ఆ తరహా అమరికే లోహపు స్ఫటికాల్లో వుందని 1982లో కనుగొన్న డాన్ షెక్ట్‌మన్‌కు 2011లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ పనివాళ్ళకు ఇవన్నీ ముందే తెలుసునని గొప్పలు పోనక్కరలేదు. గీతను నమ్మి చివరిదాకా వెళ్ళినవాడి చేతికి పెద్ద విషయమే తగులుతుందని తెలుసుకుంటే చాలు.

ఇక మన కాలంలో లెక్కల ఆకారాలను శిల్పాలుగా చెక్కేవారు వున్నారు. ఒక కాగితం పట్టీ తీసుకుని, ఒక మెలిక వేసి కొసలు అతికించండి. దాని మీద వేలు పెట్టి నడిపిస్తే రెండు ముఖాలూ తిరిగి మొదటికే వస్తుంది. నిజానికి దానికి వున్నది ఒకటే ముఖం. స్విట్జర్లాండుకు చెందిన మాక్స్ బిల్ అనే శిల్పి ఈ అంతులేని పట్టీని గ్రానైటులో చెక్కారు. కాగితాన్ని మెలివేయడం పిల్లల ఆట. మెలిపడని గట్టి రాయిలో ఆ మెలిక చూపించడం ఎంత కష్టమో ఉలి పట్టినవారికి తెలుస్తుంది. అమెరికాలో హెలమన్ ఫెర్గూసన్ గారు స్వయంగా గణితవేత్త, స్వయంగా రాతి శిల్పి. ఆయన చెక్కిన పాలరాతి శిల్పం ఒకటి 1993 నుంచి కాలిఫోర్నియాలో బర్క్‌లీలోని గణిత పరిశోధన సంస్థ దగ్గర వుంది. దాని మీద ఏడు భుజాల పలకలు 24 వంపు తిరిగి ఒకదానితో ఒకటి కలుస్తాయి. చదును నేల మీద కుదరని అల్లిక వంపు తిరిగిన రాయి మీద కుదిరింది. అక్కడ పండితుడు, మేస్త్రీ ఒకే మనిషి. అబుల్ వఫా కోరుకున్నది అటువంటి మనిషినే.

అటువంటి మనిషి మన దగ్గర ఎందుకు తయారు కాకూడదు? రాయి మన దగ్గరే వుంది. చీమకుర్తి నల్ల గ్రానైటు దేశదేశాలకు పోతున్నది. పల్నాడులో దుర్గి, రాయలసీమలో ఆళ్లగడ్డ శిల్పులకు పేరుంది. మన పిల్లల్లో కూడా ఎంతోమంది విజయవాడ, హైదరాబాదు వెళ్ళి గ్రానైటు, మార్బుల్, టైల్స్ పని చేస్తున్నారు. లోపం ఎక్కడ వుందో మేము ఎరిగిన ఒక కుర్రవాణ్ణి చూస్తే తెలుస్తుంది. పేరు అక్కరలేదు, మీ అందరి ఇళ్ళలోనూ అటువంటివాడు ఒకడుంటాడు.

వాడు తొమ్మిదిలో బడి మానేశాడు. లెక్కలంటే భయం. గ్రానైటు పనిలో చేరి నాలుగేళ్ళలో మంచి పనివాడయ్యాడు. అక్క ఇంట్లో హాలు మధ్య నల్లరాయి, తెల్లరాయి కలిపి ఎనిమిది పలకల పువ్వు వేశాడు. సందులో కాగితం కూడా దూరదు. మేము చూసి సంతోషించి, "ఇదెలా వేశావు బేటా?" అని అడిగాము. "పదడుగుల చదరానికి మూలకు రెండడుగుల పదకొండంగుళాలు తీసేయమని మేస్త్రీ చెప్పాడు సార్" అన్నాడు. మీకు ఇందాక చెప్పిన 2.93 అడుగులు అదే. అంటే మేస్త్రీ మాట నూటికి నూరుపాళ్ళు సరి. "పదమూడడుగుల గదికో?" అన్నాము. వాడు నవ్వి, "మేస్త్రీకి ఫోన్ చేస్తాను సార్" అన్నాడు.

పదమూడడుగులకు మూడడుగుల పావుతక్కువ పది అంగుళాలు. త్రైరాశికం తెలిస్తే ఒక్క నిమిషం పని. లేదా ఇందాకటి తాడు చాలు. వాడి చేతిలో విద్య వుంది గాని దాని తాళంచెవి ఇంకొకరి జేబులో వుంది. ఆ తాళంచెవి లేనంతకాలం వాడు కూలీగానే వుంటాడు, మేస్త్రీ కాలేడు. ఇవాళ రాతి జాలీలను కంప్యూటర్ మెషీన్లు కోస్తున్నాయి. ఆ మెషీనుకు గీత గీసి, కొలత చెప్పి నడిపించేవాడికి ఒక జీతం, పలకలు మోసి పెట్టేవాడికి ఇంకొక జీతం. మనవాడు ఏ పక్కన నిలబడతాడన్నది వాడి బలం నిర్ణయించదు, త్రైరాశికం నిర్ణయిస్తుంది.

దీనికి రెండో వైపు కూడా చెప్పకపోతే అన్యాయం అవుతుంది. మా తరగతిలో రెండు వర్గమూలం 1.414 అని గడగడా చెప్పే పిల్లలున్నారు. పది అడుగుల చదరంలో ఎనిమిది పలకలు వేయమంటే బిక్కముఖం వేస్తారు. వాళ్ళకు తాళంచెవి వుంది, తలుపు ఎక్కడుందో తెలియదు. పైగా ఉర్దూ మీడియం పిల్లల బాధ ఒకటుంది. తరగతిలో ముసమ్మన్, ఊళ్ళో ఎనిమిది పలకలు, తెలుగులో అష్టభుజి, పై చదువుల్లో ఆక్టగన్. నాలుగు పేర్లు విని ఇవి నాలుగు వస్తువులనుకుంటారు. ఒక్కసారి చేత్తో గీసిన పిల్లవాడు మళ్ళీ అలా అనుకోడు. ఉర్దూలో లెక్కలు రావనే మాటను కూడా నమ్మకండి. 1918లో స్థాపించిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఉన్నత గణితం ఉర్దూలోనే చెప్పారు. అందుకోసం 1917లోనే దారుల్ తర్జుమా పెట్టి పుస్తకాలు అనువదించారు.

ఆడపిల్లల సంగతి. మాకు తెలిసినంతలో లెక్కల్లో ముందుండేవారిలో ఎక్కువమంది ఆడపిల్లలే. మెహందీ పెట్టే చేతికి కొలత, సమానత వేరే నేర్పనక్కరలేదు. కాని పదో తరగతితో చదువు ఆపేస్తున్నాము. మన నూజివీడులో 2008 నుంచి ట్రిపుల్ ఐటీ వుంది. పదో తరగతి మార్కుల మీదనే సీట్లిస్తారు. తల్లిదండ్రులు దూరమనే సాకు చెప్పడానికి కూడా వీలులేనంత దగ్గర. వచ్చే యేడు మన అమ్మాయిలు ఎంతమంది ఆ గేటు దాటుతారో సంఘం లెక్కపెట్టుకోవాలని మా కోరిక.

ఇంకొక మాట తల్లులు ప్రత్యేకంగా వినాలి. గ్రానైటు కోసేటప్పుడు లేచే ధూళి సన్నని గాజుపొడి వంటిది. ఏళ్ళ తరబడి పీలిస్తే సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. అది వచ్చాక నయంచేసే మందు లేదు, రాకుండా చూసుకోవడమే మార్గం. పొడిగా కోయకుండా నీళ్ళు పోస్తూ కోయాలి. ధూళిని ఆపే మంచి మాస్కు పెట్టుకోవాలి, భుజం మీది తువ్వాలు చాలదు. ఏడాదికొకసారి ఛాతీ పరీక్ష చేయించాలి. కొడుకు పంపే డబ్బు లెక్కపెట్టినట్టే, వాడి దగ్గును కూడా లెక్కపెట్టండమ్మా.

ఇంతవరకు చెప్పి ఊరుకుంటే ఇది ఉపన్యాసమే అవుతుంది. కనుక కార్యవర్గం ముందు కొన్ని కోరికలు పెడుతున్నాము. మొదటిది, పెళ్ళిళ్ళు లేని ఆదివారాల్లో షాదీఖానా హాలును రెండు గంటలు పిల్లలకు ఇవ్వండి. తాడు, సుద్ద, పర్కార్, మూలమట్టం వుంటే సరిపోతుంది. ఒక లెక్కల మాస్టరు, ఒక రాతిపని మేస్త్రీ ఇద్దరూ పక్కపక్కన నిలబడి నేర్పాలి. మేస్త్రీ ఏ కులంవాడైనా, ఏ మతంవాడైనా మాకు ఉస్తాదే. మాస్టరు పని మేమే చేస్తాము, జీతం అక్కరలేదు. మేస్త్రీకి మాత్రం ఒక పూట కూలి తప్పక ఇవ్వాలి, ఎందుకంటే ఆ పూట అతని పొయ్యి ఆగరాదు.

రెండవది, బడి మానేసి పనిలో వున్న కుర్రవాళ్ళ జాబితా తయారుచేసి, ఓపెన్ స్కూలు ద్వారా పది పరీక్షకు కట్టించండి. ఫీజు సంఘం భరిస్తే పాఠం మేము భరిస్తాము. మూడవది, బహుమతులిచ్చేటప్పుడు స్టీలు గిన్నెల బదులు జామెట్రీ పెట్టెలు ఇవ్వండి. గిన్నె అమ్మ తీసుకుంటుంది, పెట్టె మాత్రం పిల్లవాడి దగ్గరే వుంటుంది. నాలుగవది, రాతిపనిలో వున్నవారికి మాస్కులు, ఏడాదికొక వైద్య పరీక్ష. ఈ నాలుగింటికీ అయ్యే ఖర్చు ఒక్క పెళ్ళి పందిరి అలంకరణకు అయ్యేదాని కన్నా ఎక్కువ కాదని మా అంచనా. తప్పయితే ఖజాంచీ గారు సరిదిద్దగలరు.

మన పెద్దలు కట్టిన గుమ్మటాలను చూసి గర్వపడటం మంచిదే. హైదరాబాదు మక్కా మసీదు కట్టేటప్పుడు మిహ్రాబు వైపు నిలిపిన ఒక రాతిని గని నుంచి తీయడానికి అయిదేళ్ళు పట్టిందనీ, దాన్ని లాగడానికి 1400 ఎడ్లు కావలసివచ్చాయనీ ఫ్రెంచి వర్తకుడు టవెర్నియే రాశాడు. అంతటి పని కేవలం ఎడ్ల బలంతో అయ్యేది కాదు. రాయి ఎక్కడ పగలాలో, ఏ మేరకు పగలాలో ముందుగా గీసిన ఒక చెయ్యి, లెక్కగట్టిన ఒక బుర్ర వుండి తీరాలి. ఆ చెయ్యి మన కుర్రవాడికి ఇప్పటికే వుంది. ఆ బుర్ర మన అమ్మాయికి ఇప్పటికే వుంది. రెండింటినీ ఒక చాప మీద కూర్చోబెట్టడం ఒక్కటే మన సంఘం చేయవలసిన పని.

వచ్చే ఆదివారం ఉదయం పది గంటలకు మేము తాడు, సుద్దముక్కలు తీసుకుని షాదీఖానా వరండాలో వుంటాము. హాలు తాళం ఇస్తే లోపల, ఇవ్వకపోతే వరండాలోనే మొదలుపెడతాము. పిల్లల్ని పంపండి. పెద్దలు కూడా రావచ్చు, ఎవరినీ పరీక్ష అడగము.